దర్శన నుంచి ఝెనైదా దాకా: తిరుపతి జనరల్ వేణుగోపాల్ 1971లో ఏం చేశారు?

తిరుపతిలో మేజర్ జనరల్ చిత్తూరు వేణుగోపాల్ గారి పేరు ఎక్కడ వచ్చినా మొదట వినిపించే మాట "1971 యుద్ధ వీరుడు". ఆ తర్వాత "మహావీర్ చక్ర గ్రహీత". అక్కడితో చాలామంది ఆగిపోతారు. ఆయన ఏ ఊళ్ల దగ్గర పోరాడారు, ఎంతమందితో పోరాడారు, అప్పటికి ఆయన హోదా ఏమిటి, దానివల్ల యుద్ధంలో ఏం మారింది అని అడిగితే సూటిగా జవాబు దొరకడం కష్టం. ఆయన జనరల్‌గా సేనల్ని ఢాకాకి నడిపించారని సభల్లో చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్ల అభిమానంలో లోటేమీ లేదు. కానీ ఆ మాటల కింద అసలు సంగతి కప్పబడిపోతోంది. ఆయన చేసిన పని నాలుగు రోజుల్లో, కొన్ని ఊళ్ల మధ్య జరిగింది. దాన్ని ఉన్నదున్నట్టు అర్థం చేసుకుంటేనే ఆ పతకం ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

ముందు హోదా సంగతి. 1971 డిసెంబరులో వేణుగోపాల్ గారు లెఫ్టినెంట్ కల్నల్. ఒక బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్, సైన్యంలో అందరూ అనే పేరు సీఓ. లెఫ్టినెంట్ కల్నల్ పైన కల్నల్, ఆ పైన బ్రిగేడియర్, ఆ తర్వాతే మేజర్ జనరల్. అంటే మనం ఇప్పుడు ఆయన పేరుకి ముందు పెట్టే హోదా యుద్ధం అయిన తర్వాత కాలంలో వచ్చింది. ఆ యుద్ధంలో ఆయన పైన మూడు నాలుగు అంచెల అధికారులున్నారు. తూర్పు సేనలన్నిటికీ అధిపతి కలకత్తాలోని లెఫ్టినెంట్ జనరల్ జగ్‌జీత్ సింగ్ అరోరా. ఆయన కింద, పశ్చిమ బెంగాల్‌లోని కృష్ణానగర్ వైపు నుంచి తూర్పు పాకిస్తాన్‌లోకి (ఇప్పటి బంగ్లాదేశ్) వెళ్లాల్సింది రెండో కోర్, అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద సేన. దానికి లెఫ్టినెంట్ జనరల్ టి.ఎన్. రైనా కమాండర్. ఆ కోర్‌లో రెండు డివిజన్లు. ఒకటి మేజర్ జనరల్ దల్బీర్ సింగ్ నడిపిన 9వ ఇన్ఫాంట్రీ డివిజన్, రెండోది మేజర్ జనరల్ ఎం.ఎస్. బరార్ నడిపిన 4వ మౌంటెన్ డివిజన్. బరార్ డివిజన్‌లో మూడు బ్రిగేడ్లుంటే, వాటిలో 41వ బ్రిగేడ్‌లో ఒక బెటాలియన్ వేణుగోపాల్ గారిది.

ఇదే యుద్ధంలో ఇంకో తెలుగువారు కూడా పెద్ద బాధ్యతలో ఉన్నారు. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చిన కె.వి. కృష్ణారావు గారు అప్పటికే మేజర్ జనరల్. 8వ మౌంటెన్ డివిజన్‌తో సిల్హెట్ వైపు పోరాడారు, 1981లో దేశానికే ఆర్మీ చీఫ్ అయ్యారు. ఇద్దరి కథల్నీ కలిపేసి చెప్పడం మన దగ్గర తరచూ జరిగే పొరపాటు. డివిజన్ కమాండర్ చేతిలో వేలమంది సైనికులుంటారు. ఆయన పని ఎక్కువగా మ్యాపు మీద, వైర్‌లెస్ మీద, బ్రిగేడియర్లతో. బెటాలియన్ సీఓ చేతిలో ఉండేది దాదాపు 800 మంది. వాళ్లలో చాలామంది పేర్లు ఆయనకి తెలుసు, చాలామంది ముఖాలు గుర్తుపడతాడు. దాడి మొదలయ్యాక శత్రువు తుపాకీ అందుకునే దూరంలోనే ఉంటాడు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ముందు ముందు చెప్పబోయేది సులభంగా అర్థమవుతుంది.

ఆ 800 మందీ గూర్ఖాలు. చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం ఇదే: తిరుపతి మనిషి గూర్ఖాల బెటాలియన్‌కి నాయకుడెలా అయ్యాడు? దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. గూర్ఖా రెజిమెంట్లు ఈస్టిండియా కంపెనీ రోజుల నుంచీ ఉన్నాయి. వేణుగోపాల్ గారు పనిచేసిన 1వ గూర్ఖా రైఫిల్స్ 1815లో పుట్టింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఈ రెజిమెంట్లలో సిపాయిలు నేపాలీలు, కమిషన్డ్ అధికారులు బ్రిటిష్ వాళ్లు. భారతీయ అధికారులకి వాటిలో చోటు ఉండేది కాదు. 1947లో భారత్, నేపాల్, బ్రిటన్ ఒప్పందం చేసుకున్నాయి. అప్పుడున్న 10 గూర్ఖా రెజిమెంట్లలో 6 భారత్‌కి, 4 బ్రిటన్‌కి వచ్చాయి. భారత్‌కి వచ్చిన ఆరింటిలో బ్రిటిష్ అధికారులు వెళ్లిపోగానే ఖాళీ అయిన స్థానాల్లోకి పంజాబ్ నుంచి, బెంగాల్ నుంచి, మద్రాసు రాష్ట్రం నుంచి యువ అధికారులు వచ్చారు. అప్పటికి తిరుపతి, చిత్తూరు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆంధ్ర రాష్ట్రం 1953లో గాని రాలేదు.

1920ల్లో పుట్టిన వేణుగోపాల్ గారు స్వతంత్ర భారత సైన్యం తన కాళ్ల మీద తాను నిలబడుతున్న రోజుల్లో అధికారి అయిన తరానికి చెందినవారు. ఆ తరం తెలుగు కుర్రాళ్లకి సైన్యం అంటే మద్రాస్ రెజిమెంటే గుర్తొచ్చేది. గూర్ఖాలలో చేరడం అంటే భాష మారడం, తిండి మారడం, పండగలు మారడం. గూర్ఖా రెజిమెంట్‌లో చేరిన ప్రతి అధికారీ గూర్ఖాలీ, అంటే గూర్ఖాలు మాట్లాడే నేపాలీ భాష, నేర్చుకోవాల్సిందే. హిందీతో నెట్టుకురావడం కుదరదు. సిపాయికి ఇంటి నుంచి ఉత్తరం వస్తే అందులో ఏముందో కనుక్కోగలగాలి, కొట్లాట వస్తే ఇద్దరి మాటా వినగలగాలి. వాళ్లతో కలిసి దసరా జరుపుకోవాలి. 1వ గూర్ఖా రైఫిల్స్ శిక్షణ కేంద్రం హిమాచల్ కొండల్లోని సుబాతులో ఉంది. శేషాచలం కొండల కింద పెరిగిన మనిషి ఆ కొండల్లోని మనుషులకి పెద్దదిక్కు అయ్యాడంటే దాని వెనక ఏళ్ల తరబడి పెంచుకున్న నమ్మకం ఉంటుంది. యుద్ధం నాలుగు రోజులు. ఆ నమ్మకం కూడబెట్టుకోవడానికి పట్టేది ఒక జీవితంలో సగం. ఆయన కెరీర్ గురించి రాసేవాళ్లు ఈ భాగాన్ని దాటేస్తుంటారు. నాకైతే ఇదే అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది.

ఆయన నడిపిన బెటాలియన్ పేరు 5/1 గూర్ఖా రైఫిల్స్. అంటే 1వ గూర్ఖా రైఫిల్స్ రెజిమెంట్‌లో 5వ బెటాలియన్. ఈ రెజిమెంట్‌కే చెందిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియాకి 1961లో కాంగోలో చేసిన పోరాటానికి పరమవీర చక్ర వచ్చింది. రెజిమెంట్ పాతదే అయినా 5వ బెటాలియన్ మాత్రం కొత్తది, 1965లో ఏర్పడింది. 1971 నాటికి దాని వయసు ఆరేళ్లు. పాత బెటాలియన్లకి చెప్పుకోవడానికి మొదటి ప్రపంచ యుద్ధం నాటి కథలుంటాయి. ఈ బెటాలియన్ తన పేరు తానే సంపాదించుకోవాలి.

1971 యుద్ధం ఎందుకు వచ్చిందో తెలుగు పాఠకులకి వివరంగా చెప్పనక్కర్లేదు. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మొదలుపెట్టిన ఊచకోత, ఆ తర్వాత సుమారు కోటి మంది శరణార్థులు సరిహద్దు దాటి మన దేశంలోకి రావడం, బంగ్లాదేశ్ విముక్తి కోసం ముక్తివాహిని దళాల పోరాటం, ఇవన్నీ కలిసి డిసెంబరు 3 సాయంత్రానికి పూర్తి యుద్ధం అయ్యాయి. ఆ సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ సరిహద్దు విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. మర్నాడు తూర్పున మన సేనలు అన్ని వైపుల నుంచీ లోపలికి కదిలాయి. అయితే సరిహద్దు వెంట ఘర్షణలు అంతకుముందే తీవ్రంగా సాగుతున్నాయి. జెస్సోర్ వైపు గరీబ్‌పూర్ దగ్గర నవంబరు 20, 21 తేదీల్లోనే ట్యాంకుల పోరు జరిగింది. అంటే వేణుగోపాల్ గారి బెటాలియన్ ముందున్న శత్రువు నిద్రపోతున్న శత్రువు కాదు. వారాల తరబడి కాచుకుని కూర్చున్నవాడు.

ఇప్పుడు ఊళ్ల సంగతి. కలకత్తా నుంచి ఉత్తరంగా వచ్చే రైలు మార్గంలో మన వైపు చివరి స్టేషన్ గేదే, నదియా జిల్లాలో ఉంది. సరిహద్దు దాటగానే అవతలి వైపు వచ్చేది దర్శన. ఇది చాలా పాత మార్గం. 1862లోనే ఇటు రైలు నడిచింది. 2008లో కలకత్తా, ఢాకాల మధ్య మొదలైన మైత్రీ ఎక్స్‌ప్రెస్ కూడా ఈ గేదే, దర్శన మీదుగానే నడిచింది. దర్శనలో పెద్ద చక్కెర మిల్లు ఉంది. మన చిత్తూరు వాళ్లకి చెరకు తోటలంటే ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఏపుగా పెరిగిన చెరకులో దాక్కున్నవాణ్ణి పది అడుగుల దూరం నుంచి కూడా చూడలేం. దర్శన నుంచి ఒక లైను ఉత్తరంగా చుయాడాంగా వైపు పోతుంది, ఇంకోటి ఆగ్నేయంగా జెస్సోర్ వైపు. ఆ రెండో లైను మీద దర్శనకి దక్షిణాన వచ్చే స్టేషన్ ఉథలి. ఈ రెండు ఊళ్లూ చేతికి రాకుండా ఆ సరిహద్దు నుంచి లోపలికి పెద్ద సైన్యాన్ని, ఫిరంగుల్ని, లారీల్ని పంపడం కష్టం.

ఆ ప్రాంతాన్ని కాపాడుతున్నది పాకిస్తాన్ 9వ డివిజన్. కమాండర్ మేజర్ జనరల్ ఎం.హెచ్. అన్సారీ, హెడ్‌క్వార్టర్స్ జెస్సోర్. దాని 57వ బ్రిగేడ్ ఝెనైదా కేంద్రంగా ఉత్తర భాగాన్ని చూసుకుంటోంది. తూర్పు పాకిస్తాన్ సేనాధిపతి నియాజీ పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, పెద్ద పట్టణాల్ని కోటల్లా మార్చి, సరిహద్దు ఊళ్లలో బలమైన స్థావరాలు పెట్టి, ఒక్కోదాన్నీ చివరిదాకా పట్టుకుని కూర్చోవడం. కాంక్రీటు బంకర్లు, వాటి ముందు మందుపాతరలు, ఒక మెషిన్‌గన్ కాల్పులు ఇంకో మెషిన్‌గన్ కాల్పుల్ని అడ్డంగా దాటేలా అమరిక. ఇలాంటి చోటికి ఎదురుగా పోతే నష్టం ఎక్కువ. వదిలేసి పక్కనుంచి పోతే వెనక నుంచి మన సరఫరా దారి తెగుతుంది. అందుకే భారత సైన్యం రెండూ చేసింది. కొన్ని స్థావరాల్ని తప్పించుకుని పోయింది, దారికి తప్పనిసరి అయిన కొన్నిటిని మాత్రం నేరుగా కొట్టింది. దర్శన, ఉథలి ఆ రెండో రకం. ఆ పని 5/1 గూర్ఖా రైఫిల్స్‌కి పడింది.

బెటాలియన్ దాడి అంటే సినిమాల్లో చూపించినట్టు ఒక అరుపు, ఒక పరుగు అనుకుంటాం. నిజానికి అరుపు చివర్లో వస్తుంది. దానికి ముందు గంటలు, కొన్నిసార్లు రోజుల పని ఉంటుంది. పెట్రోలింగ్ పార్టీలు రాత్రిళ్లు పాకుతూ వెళ్లి బంకర్లు ఎక్కడున్నాయో, ముళ్లకంచె ఎక్కడుందో చూసి రావాలి. వాళ్లు తెచ్చిన సమాచారంతో సీఓ నాలుగు రైఫిల్ కంపెనీలకి పని పంచాలి. ఎవరు ముందు వెళ్లాలి, ఎవరు పక్కనుంచి రావాలి, ఎవర్ని చేతిలో ఉంచుకోవాలి అనేది ఆయనే తేల్చాలి. ఫిరంగుల అధికారితో కూర్చుని ఏ నిమిషంలో ఎక్కడ గుండ్లు పడాలో, ఏ నిమిషంలో ఆగాలో లెక్క వేసుకోవాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే మన గుండ్లు మనవాళ్ల మీదే పడతాయి. ముందుగా ఆపితే శత్రువు తల ఎత్తుతాడు. గాయపడినవాళ్లని ఎటు తీసుకురావాలి, నీళ్లు, తూటాలు ఎలా చేరాలి అన్నది కూడా ఈ లెక్కలోదే.

ఆ లెక్కంతా మొదటి పావుగంటలోనే తారుమారు కావచ్చు. వైర్‌లెస్ పలకదు. ఒక కంపెనీ అనుకున్న చోటికంటే ఎడమగా వెళ్లిపోతుంది. చచ్చిపోయిందనుకున్న బంకర్ మళ్లీ కాలుస్తుంది. సీఓ అసలు పరీక్ష అప్పుడే. వెనక సురక్షితమైన చోట ఉంటే ఏం జరుగుతోందో తెలియదు. మరీ ముందుకి పోతే తానే పడిపోవచ్చు, అప్పుడు బెటాలియన్‌ని నడిపేవాడుండడు. వేణుగోపాల్ గారు ఎంచుకున్నది ముందు ఉండడం. ఆయన మహావీర్ చక్ర ప్రశంసాపత్రం సారాంశం కూడా ఇదే: బలంగా కట్టుకున్న ఉథలి, దర్శన స్థావరాల్ని ఖాళీ చేయించే పని ఆయన బెటాలియన్‌కి ఇచ్చారు, ఆయన తన ప్రాణాన్ని లెక్క చేయకుండా తన మనుషుల మధ్య ఉండి దాడిని నడిపించారు, ఆ తర్వాత శత్రువుని ఊపిరి పీల్చుకోనివ్వకుండా ఝెనైదా వైపు తరిమారు. డిసెంబరు 4న దర్శన మన చేతికి వచ్చింది.

ఊరు పట్టుకున్నాక ఏ బెటాలియన్‌కైనా ఆగాలనిపిస్తుంది. రాత్రంతా నిద్ర లేదు. తోటివాళ్లు కొందరు పోయారు. గాయపడినవాళ్లు పడి ఉన్నారు. తిండి తిని, తుపాకులు తుడుచుకుని, మళ్లీ లెక్క చూసుకుని కదలాలి. మామూలుగా జరిగేది ఇదే, అది తప్పు కూడా కాదు. కానీ ఆ ఆగిన సమయం శత్రువుకి కూడా దొరుకుతుంది. పారిపోయినవాళ్లు పోగై, పది మైళ్ల వెనక ఇంకో చోట బంకర్లు తవ్వుకుంటారు. మళ్లీ అదే దాడి, అవే ప్రాణ నష్టాలు. దీన్ని తప్పించాలంటే వెంటపడాలి. అలిసిపోయిన మనుషుల్ని అప్పుడు లేపి నడిపించగలిగేది మాటలు కాదు, వాళ్లకి సీఓ మీద ఉన్న నమ్మకం. గూర్ఖాలీ నేర్చుకున్న ఆ ఏళ్లన్నీ ఇక్కడ పనికొచ్చాయని నేను నమ్ముతాను.

ఝెనైదా అంత ముఖ్యం ఎందుకో ఇక్కడ చెప్పాలి. మన రేణిగుంట జంక్షన్‌ని తలచుకోండి. ఒక వైపు గూడూరు, ఒక వైపు అరక్కోణం, ఒక వైపు కడప, ఒక వైపు తిరుపతి. రేణిగుంట ఎవరి చేతిలో ఉంటే ఈ నాలుగు దారుల రాకపోకలు వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఝెనైదా రోడ్లకి అలాంటి కూడలి. పడమర చుయాడాంగా, ఉత్తరాన కుష్టియా, తూర్పున మాగురా, దక్షిణాన జెస్సోర్. అది పోతే పాకిస్తాన్ 9వ డివిజన్ రెండు ముక్కలు అవుతుంది. ఉత్తరాన ఉన్న 57వ బ్రిగేడ్ ఒక వైపు, జెస్సోర్‌లోని 107వ బ్రిగేడ్ ఇంకో వైపు, ఒకరికొకరు సాయం చేసుకోలేక మిగిలిపోతారు.

పాకిస్తాన్ అంచనా ప్రకారం భారత సైన్యం దర్శన తర్వాత మంచి రోడ్డు పట్టుకుని చుయాడాంగా మీదకి రావాలి. 57వ బ్రిగేడ్ బలంలో ఎక్కువ భాగం అటే చూస్తూ కూర్చుంది. 4వ డివిజన్ ఆ రోడ్డు వదిలేసింది. పొలాల మధ్య బండ్లు పోయే మట్టి దారుల మీదుగా లోపలికి దూరి, చుయాడాంగాకి ఝెనైదాకి మధ్య సాధుహాటి దగ్గర పెద్ద రోడ్డుని అడ్డగించింది. చుయాడాంగాలో కాచుకున్నవాళ్లకి తమ వెనక దారి మూసుకుపోయిందని అర్థమయ్యేసరికి చేయగలిగింది పెద్దగా లేకపోయింది.

మట్టి దారి అనే మాట చదవడానికి తేలిక. డిసెంబరులో వానల్లేవు గాని, బెంగాల్ పల్లెల్లో అడుగడుక్కీ చెరువులు, కాలువలు, తడి ఆరని వరి మడులు. లారీ చక్రం దిగబడితే వెనకాల మొత్తం ఆగిపోతుంది. ఫిరంగుల్ని లాక్కురావాలి, ఇంజినీర్లు దారి సరిచేస్తూ పోవాలి. ఆ యుద్ధం పొడుగునా స్థానిక బెంగాలీలు, ముక్తివాహిని కుర్రాళ్లు దారులు చూపించారు, సామాన్లు మోశారు, శత్రువు ఎక్కడున్నాడో చెప్పారు. వాళ్లు లేకుండా ఇంత వేగం సాధ్యమయ్యేది కాదు. ఈ కథ చెప్పినప్పుడల్లా వాళ్లని కూడా తలచుకోవడం న్యాయం.

డిసెంబరు 7న ఝెనైదా పడింది. అదే రోజు దక్షిణాన 9వ ఇన్ఫాంట్రీ డివిజన్ జెస్సోర్‌లోకి ప్రవేశించింది. కోటలా కట్టుకున్న జెస్సోర్‌ని పాకిస్తాన్ సేనలు పోరాడకుండానే వదిలేసి ఖుల్నా వైపు వెళ్లిపోయాయి. అన్సారీ తూర్పుకి తప్పుకున్నాడు. 57వ బ్రిగేడ్ ఉత్తరానికి, కుష్టియా వైపు జరిగింది. జెస్సోర్ పతనానికి కారణం ఝెనైదా ఒక్కటే అనడం సరికాదు. నవంబరు నుంచి గరీబ్‌పూర్ వైపు పడిన ఒత్తిడిది అందులో పెద్ద వాటా. కానీ పక్కన ఉన్న కూడలి పోయాక కోటలో కూర్చుని ప్రయోజనం ఏముంటుంది? పాకిస్తాన్ పెట్టుకున్న కోటల పద్ధతి ఆ ప్రాంతంలో నాలుగు రోజుల్లో కూలిపోయింది.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి, దాన్ని దాచిపెడితే వేణుగోపాల్ గారు చేసిన పని విలువ పూర్తిగా తెలియదు. రెండో కోర్ అంత వేగాన్నీ చివరిదాకా నిలబెట్టుకోలేకపోయింది. డిసెంబరు 9న కుష్టియా దగ్గర 4వ డివిజన్‌కి చెందిన ట్యాంకులు, వాటితో వెళ్లిన పదాతిదళం పొంచి ఉన్న శత్రువు వలలో పడి దెబ్బతిన్నాయి. దాంతో డివిజన్ చూపు కుష్టియా వైపు తిరిగింది. ఆ ఊరు చేతికి వచ్చేలోపు 57వ బ్రిగేడ్ పద్మా నది మీది హార్డింజ్ బ్రిడ్జి దాటి అవతలికి తప్పించుకుంది. మాగురా దాటి మధుమతి నది ఒడ్డుకి వెళ్లాల్సిన బలగాలకి ఆ రోజులు వృథా అయ్యాయి. మధుమతిని దాటింది యుద్ధం ముగిసే ముందు మాత్రమే. పడమర నుంచి వెళ్లిన కోర్ పద్మా నది దాటి ఢాకా చేరలేదు. ఢాకా వాకిలి తట్టింది ఉత్తరం నుంచి, తూర్పు నుంచి వచ్చిన సేనలు. కాబట్టి వేణుగోపాల్ గారు ఢాకా చేరారన్న మాట నిజం కాదు. ఆయన కోర్ ముందున్న అన్సారీ డిసెంబరు 16న ఫరీద్‌పూర్ దగ్గర లొంగిపోయాడు. అదే సాయంత్రం ఢాకా రేస్‌కోర్సు మైదానంలో నియాజీ అరోరా ముందు సంతకం చేశాడు. సుమారు 93,000 మంది యుద్ధఖైదీలయ్యారు.

ఈ విమర్శ కోర్ స్థాయి నిర్ణయాల మీద, డివిజన్ స్థాయి నిర్ణయాల మీద. బెటాలియన్ల మీద కాదు. పైగా, కుష్టియాలో దొరికిన శత్రువుని తరమడానికి అన్ని రోజులు పట్టడం చూస్తే, దర్శన నుంచి ఝెనైదా దాకా 4వ తేదీ నుంచి 7వ తేదీ లోపు శత్రువుని తేరుకోనివ్వకుండా నడిచినవాళ్లు ఎంత పెద్ద పని చేశారో తెలుస్తుంది. ఆ కోర్ యుద్ధంలో అత్యంత వేగంగా, అనుకున్నదానికంటే బాగా జరిగిన రోజులు ఆ నాలుగే అని నా అభిప్రాయం.

యుద్ధం తర్వాత ఆయన పైకి ఎదిగారు, మేజర్ జనరల్‌గా రిటైరయ్యారు. పరమ విశిష్ట సేవా మెడల్ కూడా అందుకున్నారు. మహావీర్ చక్ర, పరమ విశిష్ట సేవా మెడల్ పక్కపక్కన చదివినప్పుడు చాలామంది రెండూ ఒకే రకం అనుకుంటారు. మొదటిది శత్రువు ఎదుట చూపిన ధైర్యానికి ఇచ్చేది, యుద్ధకాల పతకాల్లో పరమవీర చక్ర తర్వాతి స్థానం దానిది. 1950 జనవరి 26న ఏర్పాటు చేసి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా ఇచ్చారు. వెండి పతకం, మీద ఐదు కోణాల నక్షత్రం, సగం తెలుపు సగం నారింజ రంగు రిబ్బను. రెండోది ఉన్నతమైన సేవకి ఇచ్చేది, ఎక్కువగా జనరల్ స్థాయి అధికారులకి వస్తుంది. ఒకటి నాలుగు రోజులకి, ఇంకోటి ఒక ఉద్యోగ జీవితం మొత్తానికి.

తిరుపతి ఆయన్ని మళ్లీ పెద్ద ఎత్తున తలచుకున్నది 2021లో. యుద్ధానికి 50 ఏళ్లు నిండబోతున్న సందర్భంగా 2020 డిసెంబరు 16న ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం దగ్గర నాలుగు విజయ జ్వాలలు వెలిగించి నాలుగు దిక్కులకీ పంపారు. పరమవీర చక్ర, మహావీర్ చక్ర గ్రహీతల ఊళ్లకి అవి వెళ్లాలని, ఆ ఊళ్ల మట్టిని ఢిల్లీకి తేవాలని ఏర్పాటు. దక్షిణానికి వచ్చిన జ్వాల తిరుపతికి చేరింది. 2021 ఫిబ్రవరి 18న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి తిరుపతిలోని వేణుగోపాల్ గారి ఇంటికి వెళ్లి, తొంభై దాటిన ఆయన్ని సత్కరించారు. ఆ సందర్భంలోనే రాష్ట్రం తరఫున మహావీర్ చక్ర గ్రహీతలకిచ్చే మొత్తాన్ని 8 లక్షల నుంచి 80 లక్షలకి, పరమవీర చక్రకి ఇచ్చేదాన్ని కోటి రూపాయలకి పెంచుతున్నట్టు ప్రకటించారు. ఊళ్లో చాలామంది కుర్రాళ్లు ఆయన పేరు మొదటిసారి విన్నది అప్పుడే. తెల్లవారకముందే మైదానంలో 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఎందరో. కలికిరిలో 2014 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. వీళ్లకి ఆయన పేరు పక్కన పతకం పేరు మాత్రమే చెబితే చాలదు. గేదే, దర్శన, ఉథలి, సాధుహాటి, ఝెనైదా గుర్తులు పెట్టిన ఒక మ్యాపు తరగతి గోడ మీద ఉంటే, అరగంటలో మాస్టారు చెప్పగలిగేది చాలా ఉంటుంది.

ఆ వయసు కుర్రాళ్లకి సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. బంకర్లలోకి గ్రెనేడ్లు విసిరింది, ఖుక్రీలు దూసి దూకింది గూర్ఖా సిపాయిలు కదా, మరి పతకం సీఓకి ఎందుకు? ఇది న్యాయమైన ప్రశ్న. సైన్యం దీనికి రెండు రకాలుగా జవాబిస్తుంది. మొదటిది, ప్రాణాలకి తెగించి ముందు నడవడం సీఓకి తప్పనిసరి కాదు. ఆయన వెనక ఉండి కూడా ఆజ్ఞలిచ్చి ఉండవచ్చు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ముందుండాలని, ఆగకుండా తరమాలని ఎంచుకున్నది ఆయన. ఆ ఎంపిక తప్పయితే వందల ప్రాణాల భారం ఆయన మీదే పడేది. అలాంటి భారం మోసి గెలిచిన నాయకత్వాన్ని మహావీర్ చక్ర గుర్తిస్తుంది. 1971లో ఈ పతకం అందుకున్న బెటాలియన్ సీఓలు మరికొందరున్నారు. రెండో జవాబు అంతగా తెలియనిది. ఒక పోరాటాన్ని మొత్తం బెటాలియన్ గెలిచిందని ప్రభుత్వం గుర్తిస్తే, ఆ ఊరి పేరుని ఆ రెజిమెంట్‌కి యుద్ధ గౌరవంగా ఇస్తుంది. అది ఏ ఒక్కరి ఛాతీ మీదా ఉండదు, రెజిమెంట్ పేరుతో ఎప్పటికీ ఉంటుంది. ఆ పోరాటంలో కాల్చినవాడికి, వంట చేసి ముందుకి మోసుకెళ్లినవాడికి, స్ట్రెచర్ పట్టినవాడికి, తిరిగి రానివాడికి అందులో సమానంగా వాటా. 1వ గూర్ఖా రైఫిల్స్ యుద్ధ గౌరవాల్లో "దర్శన" ఉంది.